17 నుంచి 24: మార్పిడి చేసిన కిడ్నీకి గండం ఈ వయసులోనే ఎందుకు

కిడ్నీ మార్పిడి గురించి మాట్లాడుకునేటప్పుడు మన ధ్యాసంతా ఆపరేషన్ మీదే ఉంటుంది. డోనర్ దొరికారా, బ్లడ్ గ్రూపు కలిసిందా, ఎన్ని లక్షలవుతుంది, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఇవే ప్రశ్నలు. పిల్లాడు కుట్లు మానిపోయి ఇంటికొచ్చాడంటే గట్టెక్కేశాం అనుకుంటాం. నిజానికి ఆపరేషన్ వరకు వైద్యం చాలా ముందుకెళ్లింది, మంచి సెంటర్లలో మొదటి ఏడాది చివరికి నూటికి తొంభైకి పైగా కిడ్నీలు పనిచేస్తూనే ఉంటున్నాయి. చిక్కంతా ఆ తర్వాతి పదేళ్లు, పదిహేనేళ్లలోనే.

అందులోనూ ఒక విచిత్రం ఉంది. మూడేళ్లకో నాలుగేళ్లకో, పెద్దవాళ్ల కిడ్నీని ఆ చిన్న పొట్టలో పెట్టించుకున్న పసివాళ్లు మొదటి ఏడాది దాటితే చాలు, దాన్ని ఏళ్ల తరబడి బాగా నిలుపుకుంటారు. దీర్ఘకాలపు ఫలితాల్లో ముందు వరసలో ఉండేది వాళ్లే. వెనకబడేది టీనేజీ పిల్లలు, అంటే మందు పేరు తనే చదువుకుని, టైము తనే చూసుకుని వేసుకోగలిగినవాళ్లు. కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసిన పిల్లల కిడ్నీ వైద్యురాలు బెథనీ ఫాస్టర్ అమెరికా మార్పిడి రికార్డులన్నీ పట్టి చూసి 2011లో తేల్చింది కూడా ఇదే. మార్పిడి ఏ వయసులో జరిగినా సరే, కిడ్నీ పోగొట్టుకునే ముప్పు 17 నుంచి 24 ఏళ్ల మధ్య పైకి లేస్తుంది, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. ఐదో ఏట పెట్టిన కిడ్నీ పన్నెండేళ్లు ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉన్నా, ఆ వయసు దగ్గరికి వచ్చేసరికి దానికీ గండమే.

ఎందుకిలా అని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు: "మందులు సరిగ్గా వేసుకోలేదు." అబద్ధమేం కాదు, కానీ అది సగం జవాబు. అక్కడే ఆగిపోతే తప్పంతా ఆ పిల్లల మీద పడుతుంది, మిగతా ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదన్నట్టు అవుతుంది. ఆ వయసులో ఒళ్లు మారుతుంది, ఊరు మారుతుంది, డాక్టరు మారతాడు, మందుల బాధ్యత అమ్మ నుంచి పిల్లకు మారుతుంది, చాలా ఇళ్లలో డబ్బు దారి కూడా మారుతుంది, అన్నీ రెండు మూడేళ్ల తేడాలో. నేను డాక్టర్ని కాదు. దగ్గరి బంధువుల ఇంట్లో ఈ అవస్థ చూసి, అర్థం కానివి ఒక్కోటీ చదువుకుంటూ వచ్చాను. ఆ చదివినదే ఇక్కడ విప్పి చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు అసలు ఈ మందులెందుకో చూద్దాం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులుంటాయి, సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని చూసే ఇది నాది, ఇది పరాయిది అని తేల్చుకుంటుంది. కాబట్టి కన్నతల్లి కిడ్నీ అయినా బిడ్డ ఒంటికి సగం పరాయిదే. 1954 డిసెంబర్ 23న అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మార్పిడి నిలబడిందంటే కారణం, ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు అచ్చంగా ఒకే పోలికతో పుట్టిన కవలలు కావడం. రోనాల్డ్ హెరిక్ కిడ్నీని రిచర్డ్ హెరిక్ ఒళ్లు తనదే అనుకుంది, ఏ మందూ అవసరం పడలేదు. ఆ అదృష్టం మిగతావాళ్లకు ఎక్కడిది? మిగతా అందరికీ ఆ వ్యవస్థను అణచిపెట్టే మందులు కావాలి. వాటినే ఇమ్యూనోసప్రెసెంట్లు అంటారు.

1960ల మొదట్లో అజాథయోప్రిన్ వచ్చింది, దానికి స్టెరాయిడ్లు తోడయ్యాయి. మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి వెల్లూరు సీఎంసీలో 1971లో జరిగేనాటికి డాక్టర్ల చేతిలో ఉన్నవి ప్రధానంగా ఈ రెండే. ఆ రోజుల్లో ఏడాది తిరిగేలోపే పోయే కిడ్నీలు చాలా ఉండేవి. నార్వేలో ఒక పీఠభూమి మట్టి నుంచి తీసిన బూజులో సైక్లోస్పోరిన్ దొరికింది, అమెరికాలో 1983లో దానికి అనుమతి వచ్చింది, మార్పిడి వైద్యం దశ తిరిగిపోయింది. మరుసటి ఏడాదే జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో ఉన్న ఒక బ్యాక్టీరియా నుంచి టాక్రోలిమస్ బయటపడింది. 1990ల మధ్యలో మైకోఫెనోలేట్ వచ్చి చాలాచోట్ల అజాథయోప్రిన్‌ను పక్కకు తప్పించింది. ఇప్పుడు మన దగ్గర మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది వేసుకునేవి మూడు: టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, తక్కువ మోతాదులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మొదటిది టీ కణాలు, అంటే పరాయిదాని మీద దాడి చేసే తెల్లరక్తకణాలు, దాడికి సిద్ధమవ్వమని ఒకదానికొకటి పంపుకునే కబురును ఆపుతుంది, రెండోది ఆ కణాలు సంఖ్య పెంచుకోకుండా అడ్డుకుంటుంది, మూడోది మంటను, వాపును మొత్తంగా తగ్గిస్తుంది. ఒక్కోటీ ఒక్కో చోట పనిచేస్తుంది గనుకనే ఒకటి మానేసి రెండు వేసుకుంటే మూడింట రెండొంతుల రక్షణ ఉంటుందన్న లెక్క పనికిరాదు.

వీటిలో టాక్రోలిమస్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ట్రాన్స్‌ప్లాంట్ ఇళ్లలో "టాక్రో లెవెల్ ఎంత?" అన్న మాట "భోంచేశావా" అన్నంత మామూలు. రక్తంలో అది మరీ తక్కువైతే ఒళ్లు కిడ్నీ మీద తిరగబడుతుంది, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడుచేస్తుంది, చేతులు వణుకుతాయి, షుగర్ వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న జాగా చాలా ఇరుకు. మొదటి నెలల్లో కొంచెం ఎక్కువగా, ఏడాది తర్వాత చాలామందిలో మిల్లీలీటరుకు 5 నుంచి 8 నానోగ్రాముల చుట్టుపక్కల ఉంచాలని చూస్తారు. మనిషిని బట్టి, అప్పటికి జరిగినదాన్ని బట్టి డాక్టరు ఈ అంకె మారుస్తారు కాబట్టి పక్కింటి పేషెంటు లెవెల్‌తో పోల్చుకోవడం శుద్ధ దండగ. పిల్లల కాలేయం ఈ మందును పెద్దవాళ్లకంటే వేగంగా అరగదీస్తుంది, అందుకని బరువుతో పోలిస్తే వాళ్లకు ఎక్కువ డోసు పడుతుంది. ఎదిగే వయసులో బరువూ మారుతుంది, అరుగుదలా మారుతుంది, నిరుడు సరిపోయిన డోసు ఈ ఏడు సరిపోకపోవచ్చు. అంటే బుద్ధిగా వేసుకునే పిల్లకు కూడా లెవెల్ ఎగుడుదిగుడు కావడానికి కారణాలున్నాయి.

దానికి తోడు ఈ మందును అరగదీసే ఎంజైమును ఇంకా బోలెడు మందులు కదిలిస్తాయి. తామర వచ్చిందని మెడికల్ షాపులో అడిగి ఇట్రాకొనజోలో, ఫ్లూకొనజోలో తెచ్చుకుంటే టాక్రో లెవెల్ ఎగబాకుతుంది. క్లారిథ్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తోనూ అంతే. టీబీ వచ్చి రిఫాంపిసిన్ మొదలుపెడితే కొద్ది రోజుల్లో ఢమాల్న పడిపోతుంది, టీబీ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు. మూర్ఛకిచ్చే ఫెనిటోయిన్ కూడా కిందికి లాగుతుంది. విరేచనాలు పట్టుకుంటే మందు పోతుంది కదా, లెవెల్ తగ్గుతుందేమో అనుకుంటాం, జరిగేది చాలాసార్లు అందుకు తిరగబడి ఉంటుంది, పేగుల్లో దాన్ని అడ్డుకునే ఎంజైము దెబ్బతిని లెవెల్ పెరుగుతుంది. విదేశీ చీటీల మీద గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని రాసుంటే మనకెందుకులే అని వదిలేస్తాం, కానీ మన పంపరపనస దానికి దగ్గరి చుట్టమే, అది కూడా మానుకోవాల్సిందే. ఇక ఒళ్లునొప్పులకని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ లెవెల్‌తో పని లేకుండా నేరుగా కిడ్నీకే దెబ్బ. ఏ డాక్టరు దగ్గరికి, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా సరే, కూర్చున్న వెంటనే చెప్పాల్సిన మొదటి మాట "నాకు కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ అయింది" అని.

లెవెల్ పరీక్ష గురించి ఒక మాట, ఇది చాలామంది తప్పు చేసేచోటు. చూడాల్సింది ముందటి డోసు ప్రభావం అడుగంటేచోట మందు ఎంత మిగిలిందన్నది. అందుకని రక్తం ఇచ్చేదాకా ఆ పొద్దుటి డోసు వేసుకోకూడదు, ఇచ్చిన వెంటనే వేసుకోవాలి. వేసుకుని వెళ్లి రక్తమిస్తే అంకె ఎక్కువగా కనిపిస్తుంది, అది చూసి డోసు తగ్గిస్తారు, పిల్లాడికి నిజంగా అందే మందు ఇంకా తగ్గుతుంది. ఇంకో సంగతి, ఒక్క రిపోర్టు బాగుంటే సంబరపడటానికి లేదు. చెకప్ వారం ముందు నుంచి బుద్ధిగా వేసుకుని లెవెల్ సరిగ్గా చూపించే పిల్లలు ప్రపంచమంతటా ఉన్నారు. అందుకే ఈ మధ్య డాక్టర్లు ఒక్క అంకె కాకుండా ఏడాది పొడుగునా వచ్చిన అంకెలు ఎంత ఊగాయో చూస్తున్నారు. ఒకసారి 3, ఒకసారి 11, మళ్లీ 5 అని ఊగే కిడ్నీలు నిలకడగా ఉన్నవాటికంటే త్వరగా పోతాయని చాలా పరిశీలనల్లో తేలింది. రిపోర్టులన్నీ ఒక నోట్‌బుక్కులో తేదీలవారీగా రాసుకుంటే ఆ ఊగడం మామూలు కంటికీ తెలుస్తుంది.

మరి డోసు తప్పితే ఏమవుతుంది? ఇక్కడే పిల్లలు మోసపోయేది. బీపీ మాత్ర మానేస్తే తలనొప్పి రావచ్చు, ఇన్సులిన్ మానేస్తే ఒకటి రెండు రోజుల్లో కూలబడతారు. టాక్రోలిమస్ ఒక పూట తప్పితే పైకి ఏమీ తెలియదు. రెండు పూటలు తప్పినా ఏమీ అనిపించదు. పైగా కడుపులో తిప్పడం, చేతుల వణుకు తగ్గి ఇంకా హాయిగా ఉంటుంది. మానేస్తే బాగుంది అని ఒళ్లే చెబుతుంటే పదహారేళ్ల మనసు ఎవరి మాట వినాలి? లోపల జరిగేది వేరు. కొందరిలో టీ కణాలు వెంటనే దాడి చేస్తాయి, కిడ్నీ వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది, బయాప్సీ చేసి, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, భారీగా స్టెరాయిడ్లు ఎక్కించి చాలావరకు ఆపగలుగుతారు. ఎక్కువ భయపడాల్సింది రెండో రకానికి. డోనర్ గుర్తుల మీద గురిపెట్టిన యాంటీబాడీలు, డీఎస్‌ఏ అంటారు, మెల్లగా తయారై నెలలు, ఏళ్లు కిడ్నీలోని సన్నటి రక్తనాళాలను తినేస్తూ ఉంటాయి. చెదపట్టిన తలుపుకు పైన రంగు నిగనిగలాడుతూనే ఉన్నట్టు, ఈ దశలో రిపోర్టులు మామూలుగానే ఉంటాయి. కిడ్నీ పనిలో సగం దాకా పోతేగానీ క్రియాటినిన్ స్పష్టంగా పైకి రాదు. చిన్నపిల్లల ఒంట్లో పెద్దవాళ్ల కిడ్నీ ఉంటే అవసరానికి మించిన సామర్థ్యం ఉంటుంది కాబట్టి అది మరింత ఆలస్యంగా బయటపడుతుంది. ఒకసారి పుట్టుకొచ్చిన ఈ యాంటీబాడీలను పూర్తిగా తుడిచేసే నమ్మకమైన వైద్యం ఇంకా లేదు. పదిహేడో ఏట తప్పిన డోసులకు ఇరవై రెండో ఏట లెక్క తేలడం ఇలాగే.

ఇక ఆ వయసు దగ్గరికి వద్దాం. స్టెరాయిడ్లు మొహాన్ని గుండ్రంగా ఉబ్బిస్తాయి, మొటిమలు తెస్తాయి, ఎత్తు పెరగనివ్వవు. సైక్లోస్పోరిన్ వేసుకునే ఆడపిల్లకు మొహం మీద వెంట్రుకలు, చిగుళ్ల వాపు. టాక్రోలిమస్‌తో జుట్టు రాలుతుంది. పెద్దవాళ్లకు ఇవి సైడ్ ఎఫెక్టుల జాబితాలో చివర్న ఉండే చిన్న విషయాలు, "ప్రాణం ముఖ్యమా మొహం ముఖ్యమా" అనేస్తారు. ఇంటర్ కాలేజీలో అడుగుపెట్టిన పిల్లకు మొహమే ప్రాణం, అది అహంకారం కాదు, ఆ వయసు అంతే. కాలేజీ ఫొటో చూసి "ఎవరీ అమ్మాయి, నువ్వేనా" అని అన్న రోజు రాత్రి ఏ మాత్ర చెత్తబుట్టలోకి వెళ్తుందో చెప్పక్కర్లేదు. దీనికి దారులు లేకపోలేదు. పిల్లల ఎదుగుదల కోసం స్టెరాయిడ్‌ను తొందరగా ఆపేసే పద్ధతులు చాలా సెంటర్లలో ఉన్నాయి, సైక్లోస్పోరిన్ నుంచి టాక్రోలిమస్‌కు మార్చొచ్చు, డోసులు సర్దొచ్చు. కానీ ఆ పిల్ల "నా మొహం నాకు నచ్చట్లేదు" అని డాక్టరుతో చెప్పగలగాలి, చెప్తే ఆయన నవ్వి తీసిపారేయకూడదు.

హాస్టల్ సంగతి సరేసరి. పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదకొండు దాకా చదువు, మధ్యలో రూమ్‌మేట్ల ముందు మాత్రల డబ్బా తీస్తే "ఏమైంది నీకు" అన్న ప్రశ్న. రోజుకు రెండుసార్లు పన్నెండు గంటల తేడాతో వేసుకోవాల్సిన మందును అలాంటి చోట ఎవరికీ తెలియకుండా వేసుకోవడమంటే మాటలు కాదు. నీళ్లు బాగా తాగమంటారు, బాత్రూముకు పంపరు. అడ్మిషన్ ఫారంలో ఈ విషయం రాస్తే సీటు ఇవ్వరేమోనని దాచిన తల్లిదండ్రులూ ఉన్నారు, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ వార్డెన్ ఒక్కరికైనా తెలియకపోతే జ్వరమొచ్చిన రాత్రి ఆ పిల్లాడు ఒంటరివాడు.

ఇంతకంటే పెద్ద మలుపు ఆసుపత్రిలో ఉంది. పదేళ్లుగా చూస్తున్న పిల్లల డాక్టరు, పేరుపెట్టి పిలిచే నర్సమ్మ, పక్కన అమ్మ. పద్దెనిమిది నిండగానే, "ఇక పెద్దవాళ్ల ఓపీకి వెళ్లు" అని ఒక కాగితం. అక్కడ తన చుట్టూ అరవై ఏళ్ల షుగరు పేషెంట్లు, ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, తనెవరో తెలియని డాక్టరు. ఈ దాటింపు ఎంత ప్రమాదమో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ హార్డెన్ బృందం 2012లో లెక్కగట్టి చూపించింది. పాత పద్ధతిలో నేరుగా పెద్దల క్లినిక్‌కు పంపిన 9 మందిలో 6 కిడ్నీలు పోయాయి. ఆ తర్వాత వాళ్లు పద్ధతి మార్చారు. పిల్లల డాక్టరు, పెద్దల డాక్టరు కలిసి కొన్నాళ్లు చూడటం మొదలుపెట్టారు, ఈడువాళ్లందరికీ ఒకే రోజు పెట్టారు, ఆ క్లినిక్‌ను ఆసుపత్రి నుంచి తీసి విద్యార్థులు తిరిగే కాలేజీలో, ఆటల కేంద్రంలో నడిపారు. అలా వచ్చిన 12 మందిలో ఒక్క కిడ్నీ కూడా పోలేదు. చిన్న గుంపే, దీన్ని పట్టుకుని పెద్ద సూత్రాలు చేయలేం, ఒప్పుకుంటాను. అయినా నన్ను బాగా కదిలించిన అంకెలివి. ఎందుకంటే మధ్యలో కొత్త మందేదీ లేదు. పిల్లలూ అదే ఊరివాళ్లు, మాత్రలూ అవే. మారింది పెద్దవాళ్ల తీరు మాత్రమే. 2011లోనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంఘం, పిల్లల కిడ్నీ వైద్యుల సంఘం కలిసి ఈ అప్పగింతకు పుట్టినరోజు కొలమానం కాదని, చిన్నప్పటినుంచే సిద్ధం చేస్తూ రావాలని చెప్పాయి. మన దగ్గర ఇలాంటి ప్రత్యేక క్లినిక్కులు చాలా అరుదు. కనీసం ఆఖరి రెండు మూడు చెకప్‌లకైనా కొత్త డాక్టరును కూడా కలిసేలా చేయమని, కేసు మొత్తం రాసిన చీటీ చేతికివ్వమని అడగడానికి ఖర్చేమీ లేదు.

మతిమరుపు విషయంలో కూడా చేయదగ్గవి ఉన్నాయి. ఫాస్టర్ బృందమే కెనడా, అమెరికాల్లోని 8 సెంటర్లలో 11 నుంచి 24 ఏళ్ల వాళ్లకు మూత తెరిచిన టైమును రాసుకునే మాత్రల పెట్టెలిచ్చి ఏడాదికి పైగా గమనించింది. సగం మందికి పెట్టె మాత్రమే. మిగతా సగానికి కావాలంటే ఫోనుకు గుర్తుచేసే మెసేజీలు, మూడు నెలలకోసారి ఒకరితో కూర్చుని "ఏ పూట తప్పుతోంది, ఆ పూట ఏం అడ్డొస్తోంది, ఏం చేద్దాం" అని మాట్లాడుకోవడం. ఈ రెండో గుంపు మందులు చెప్పుకోదగ్గంత మెరుగ్గా వేసుకుంది. ఉపన్యాసం లేదు, బెదిరింపు లేదు. శనివారం రాత్రి తప్పుతోందా, అయితే శనివారం రాత్రికి ఒక ఏర్పాటు, అంతే.

మన ఇళ్లలో జరిగేది ఇందుకు పూర్తిగా వేరు. పదిహేనేళ్ల వరకు అమ్మే మాత్ర నోట్లో వేసి నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. ఒక రోజు హాస్టల్లో దింపి "జాగ్రత్త నాన్నా, మందులు మర్చిపోకు" అని వచ్చేస్తారు. పన్నెండేళ్లకు మందుల పేర్లు చెప్పించడం, పదమూడుకు వారం డబ్బా తనతోనే నింపించడం, పద్నాలుగుకు డాక్టరు గదిలో ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వడం, పదహారుకు షాపులో మందు తనే తెచ్చుకోవడం, ఇలా కొంచెం కొంచెంగా అప్పగించి వెనక నుంచి చూసుకుంటూ ఉంటే ఆ హాస్టల్ రోజు అంత పెద్ద అగాధం కాదు. ఇంకో విషయం, ఇది రాయడానికి కాస్త సంకోచంగానే ఉంది. మన దగ్గర పిల్లలకు కిడ్నీ ఇచ్చేది చాలాసార్లు తల్లే. కోపమొచ్చిన పూట "నా కిడ్నీ కోసి ఇచ్చాను కదరా, ఇందుకేనా" అని నోరు జారుతుంది. ఆ తల్లి బాధలో ఇసుమంత అబద్ధం లేదు. కానీ ఆ మాట విన్న పిల్లాడు మందులు మానడం మానడు, మానిన సంగతి చెప్పడం మానేస్తాడు. డాక్టరుకు అన్నిటికన్నా అవసరమైన సమాచారం అక్కడితో ఆగిపోతుంది.

డబ్బు సంగతికి వస్తే అమెరికా అనుభవం కళ్లు తెరిపిస్తుంది. అక్కడ కిడ్నీ ఫెయిలైన వాళ్లకు ప్రభుత్వ మెడికేర్ డయాలసిస్ ఖర్చు ఎన్నేళ్లయినా భరించేది, మార్పిడి ఖర్చూ భరించేది, కానీ మార్పిడైన 36 నెలల తర్వాత వయసు వల్లో వైకల్యం వల్లో అర్హత లేనివాళ్లకు ఆ రక్షణ మందులతో సహా ఆగిపోయేది. మందులు కొనలేక కిడ్నీ పోతే మళ్లీ డయాలసిస్‌కు డబ్బులిచ్చేది, అది మందులకంటే ఎన్నో రెట్లు ఖరీదు. అప్పుడే చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రకారుకు అది సరిగ్గా ఈ గండం వయసులోనే తగిలేది. ఏళ్ల తరబడి పోరాడితే 2020 చివర్లో చట్టం మారింది, వేరే బీమా లేనివాళ్లకు 2023 జనవరి నుంచి ఈ మందులకు మెడికేర్ కవరేజీ కొనసాగుతోంది. మన దగ్గర ఆపరేషన్‌కు చందాలొస్తాయి, పథకాలుంటాయి, నెలనెలా వేలల్లో అయ్యే మందులకు చందాలు రావు. మీ రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కింద మార్పిడి తర్వాతి మందులకు ఏమేం వస్తాయో ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాసుకోండి. ఖర్చు తగ్గుతుందని టాక్రోలిమస్ కంపెనీ మార్చాలనుకుంటే మార్చొచ్చు, కానీ షాపువాడి మాట మీద కాదు, డాక్టరుకు చెప్పి, మార్చాక మళ్లీ లెవెల్ చూపించుకుని. ఎంఎస్‌కని అమెరికా వెళ్లే పిల్లలైతే యూనివర్సిటీ బీమాలో ట్రాన్స్‌ప్లాంట్ మందులున్నాయో లేవో వీసా కంటే ముందు చూసుకోవాలి, అక్కడి టైముకు డోసులు ఎలా జరుపుకోవాలో బయల్దేరేముందే అడగాలి.

ఇదంతా చదివి, అయితే ఇమ్యూనిటీని గట్టిగా అణిచేస్తే పోలేదా అనిపించొచ్చు. కుదరదు. మరీ అణిస్తే మనలో చాలామందిలో నిద్రపోతూ ఉండే బీకే వైరస్ లేచి ఆ కొత్త కిడ్నీనే పాడుచేస్తుంది, సీఎంవీ అనే మరో వైరస్ వస్తుంది, చిన్నపిల్లల్లో ఈబీవీ అనే వైరస్ వల్ల లింఫోమా అనే ఒకరకం క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు. 1,645 మంది పెద్దవాళ్ల మీద జరిగి 2007లో వెలువడిన సింఫనీ అధ్యయనంలో మిగతా పద్ధతులకన్నా మెరుగ్గా తేలింది తక్కువ డోసు టాక్రోలిమస్, దానికి తోడు మైకోఫెనోలేట్, స్టెరాయిడ్. ఇప్పటి పద్ధతికి పునాది అదే. కాబట్టి డాక్టరు డోసు తగ్గించినప్పుడు "మందు అవసరం తగ్గింది, ఇక మానేయొచ్చు" అని అర్థం కాదు. మందులేవీ లేకుండా కిడ్నీ నిలిచినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు, చాలా చాలా కొద్దిమంది, వాళ్లెవరో ముందుగా చెప్పే పరీక్ష చేతికి రాలేదు.

ఆడపిల్లల విషయంలో పెళ్లి అనే మరో ముడి ఉంది. మార్పిడి సంగతి దాచి సంబంధం కుదిర్చితే, ఆ తర్వాత అత్తారింట్లో పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి మాత్రలు ఎక్కడ వేసుకోవాలి? దాచిన నిజం ముందుగా డోసులను తింటుంది. పిల్లలు పుట్టరన్నది మాత్రం అపోహ, మార్పిడి తర్వాత క్షేమంగా బిడ్డల్ని కన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. కాకపోతే మైకోఫెనోలేట్ కడుపులోని బిడ్డకు అవకరాలు తెస్తుంది కాబట్టి గర్భానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి, సాధారణంగా అజాథయోప్రిన్‌కు మారుస్తారు. మార్పిడి అయ్యాక కనీసం ఏడాది ఆగమంటారు. ఇవన్నీ ముందుగా చెప్పుకుంటేనే జరిగే పనులు. నెల తప్పాక భయపడి అన్ని మాత్రలూ ఒకేసారి మానేయడం అన్నిటికన్నా ప్రమాదం.

సగటున బతికున్న డోనర్ ఇచ్చిన కిడ్నీ 15 నుంచి 20 ఏళ్లు, చనిపోయినవాళ్ల నుంచి వచ్చింది 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తుంది. పదేళ్లకు మార్పిడి అయిన పిల్లకు జీవితంలో రెండోదీ కావాల్సి రావచ్చు. మొదటిది రిజెక్షన్‌తో, అంటే ఒళ్లు తిరగబడి, పోతే మిగిలే యాంటీబాడీలు రెండోదానికి డోనర్ కలవకుండా చేస్తాయి. చనిపోయినవాళ్ల అవయవాల కోసం పేరు నమోదు చేసుకునే జీవన్‌దాన్ జాబితాలో నిరీక్షణ అలాంటివాళ్లకు మరీ ఎక్కువవుతుంది. అందుకే ఇప్పటికే డోసులు తప్పించిన పిల్లలు ఈ వ్యాసం చదువుతుంటే వాళ్లకు సూటిగా చెబుతున్నాను: ఈ వారమే డాక్టరుకు చెప్పండి, ఇంట్లో చెప్పడం కష్టమైతే ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు చెప్పండి. ఎన్ని పూటలు తప్పాయో దాచకుండా చెప్పండి. తప్పిన డోసుకు బదులుగా రెండు కలిపి వేసుకోకండి, ఎన్ని గంటలు ఆలస్యమైతే వేసుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి, వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా అన్నవి వాళ్లనడిగి ఫోనులో రాసిపెట్టుకోండి. డీఎస్‌ఏ పరీక్ష చేస్తారు, అవసరమైతే బయాప్సీ చేస్తారు, మూత్రంలో ప్రోటీన్ చూస్తారు, తొందరగా పట్టుకుంటే కిడ్నీని ఇంకా చాలా ఏళ్లు నడిపించగలరు. రోజుకు ఒక్కసారే వేసుకునే టాక్రోలిమస్ కూడా ఉంది. రాత్రి పూట డోసే మీకు తప్పుతుంటే, అది మీకు సరిపడుతుందేమో అడగండి.